ప్రభువు బల్లకు ముందు ఆత్మపరిశీలన: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: నేను బాప్తిస్మం తీసుకుని పదకొండేళ్లయింది. సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెబుతాను. సంఘమంతా కలిసి రొట్టె, పాత్ర పంచుకునే ప్రభువు బల్ల ఉన్న ఆదివారం వస్తోందంటే శనివారం రాత్రి నుంచే నాకు గుబులు. "ఎవరిని వారు పరీక్షించుకోండి" అని పాస్టర్ గారు ఒక నిమిషం మౌనంగా ఉంటారు. ఆ నిమిషంలో ఒక్కోసారి ఏమీ గుర్తుకు రాదు, నా మనసు మొద్దుబారిపోయిందేమో అనిపిస్తుంది. ఇంకోసారి ఎప్పటెప్పటివో అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. అప్పుడు రొట్టె ముట్టకుండా పళ్లెం పక్కవారికి అందించేస్తాను. మూడు నెలలుగా అసలు తీసుకోలేదు. క్రీస్తు అన్నీ క్షమించాడని నమ్మాక మళ్లీ పాపాలు తవ్వుకోవడం ఎందుకు? తవ్వుకోవాల్సిందే అంటే ఎలా చేయాలి, ఎక్కడ ఆపాలి?
— ఒక సహోదరి

సమాధానం:

సహోదరీ, ముందు బల్ల సంగతి తేల్చుకుందాం. మిగతావన్నీ నెమ్మదిగా నేర్చుకోవచ్చు గానీ, మూడు నెలలుగా దానికి దూరంగా ఉండటం మీకు ఇప్పటికిప్పుడు జరుగుతున్న నష్టం.

మీ పాస్టర్ గారు చెప్పే మాట మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయం 28వ వచనంలోది. ఆ ఒక్క వచనాన్ని విడిగా చదివితే భయమే మిగులుతుంది. 17వ వచనం నుంచి చదవండి. కొరింథు సంఘం భోజనానికి కూడుకునేది. కలిగినవాళ్లు తమ భోజనం తాము ముందే కానిచ్చేసేవారు. ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తులో ఉండేవాడు. లేనివాళ్లు సిగ్గుపడి పక్కన నిలబడాల్సి వచ్చేది. క్రీస్తు శరీరాన్ని గుర్తు చేసుకునే చోటే ఆ శరీరంలోని సాటి అవయవాన్ని చిన్నచూపు చూస్తున్నారన్నది పౌలు ఆవేదన. వాళ్లలో చాలామంది బలహీనులూ రోగులూ అయ్యారని, కొందరు చనిపోయారని కూడా రాశాడు. కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన మాట కాదు, మీ భయం పూర్తిగా అర్థం లేనిదీ కాదు. కానీ ఆయన చెప్పిన మందు ఏమిటో చూడండి. "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను" అన్నాడు. పరీక్షించుకుని మానేయమనలేదు. అధ్యాయం చివర్లో ఇచ్చిన ఆచరణాత్మకమైన ఆజ్ఞ కూడా ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమనే. అంటే బల్లకు ముందు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న "నేను యోగ్యురాలినా?" అన్నది కాదు, "ఈ గదిలో కూర్చున్నవాళ్లలో ఎవరిని నేను లెక్కచేయడం లేదు?" అన్నది. మొదటి ప్రశ్నకు జవాబు ఎవరికైనా ఒకటే, అందుకే అది ఎక్కడికీ చేర్చదు. రెండో ప్రశ్నకు జవాబుగా ఒక పేరు వస్తుంది.

మరి ఎప్పుడూ ఆగకూడదా? ఒక పాపం అని తెలిసీ దాన్ని వదలనని మొండికేస్తుంటే ఆగాలి. సంఘ క్రమశిక్షణలో ఉంటే పెద్దల మాట ప్రకారం నడవాలి. సహోదరునికి మీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే మత్తయి 5:23-24 ప్రకారం ముందు వెళ్లి సమాధానపడాలి. అయితే ఆ వాక్యంలో అర్పణ వదిలి వెళ్లినవాడు తిరిగి వచ్చి అర్పిస్తాడు. అలా ఆగడం ఒక వారంలో తెమలాల్సిన పని. నెలల తరబడి సాగుతుంటే అది సమాధానపడటానికి ఆగినట్టు కాదు, తప్పించుకున్నట్టు.

ఇక మీ పెద్ద ప్రశ్న. క్షమించబడినవాళ్లు మళ్లీ చూసుకోవడం ఎందుకు? మొదటి యోహాను పత్రిక 1వ అధ్యాయంలో "మన పాపములను మనము ఒప్పుకొనిన యెడల" అనే మాట యోహాను రాసింది అవిశ్వాసులకు కాదు, తనతో పాటు వెలుగులో నడుస్తున్న విశ్వాసులకు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారం అడిగిన వెంటనే ఋణాల క్షమాపణ అడుగుతాం, రెండూ రోజువారీ అవసరాలే. మీరు వేసుకున్న వరసలో "ముందు బాగా పరీక్షించుకోవాలి, అది సరిగ్గా చేస్తే క్షమాపణ దొరుకుతుంది" అన్న లెక్క కనిపిస్తోంది. దాన్ని తిరగేయండి. క్షమించేవాడు ఎదురుగా ఉన్నాడని తెలిసిన మనిషే నిజం చెప్పే సాహసం చేస్తాడు. ఆ నమ్మకం లేనివాడు దాచుకుంటాడు, లేదా తన తరఫున తానే వాదించుకుంటాడు. దావీదు 32వ కీర్తనలో మౌనంగా ఉన్న రోజుల్లో తన ఎముకలు క్షీణించాయన్నాడు. ఒప్పుకున్నాక దేవుణ్ణే తన దాగుచోటు అన్నాడు. ఎవరికి భయపడి దాక్కున్నాడో ఆయనలోనే దాక్కున్నాడు.

జర్మనీకి చెందిన సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో మీలాగే నలిగిపోయాడు. గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, బయటికొచ్చాక మరొకటి గుర్తొస్తే మళ్లీ లోపలికి వెళ్లేవాడు. ఆయన ఆత్మీయ గురువు యోహాన్ ఫాన్ స్టౌపిట్స్ ఆయన చూపును క్రీస్తు గాయాల వైపు తిప్పాడు. తర్వాత లూథర్ పశ్చాత్తాపాన్ని వదిలేయలేదు. 1517లో రాసిన 95 వాదాల్లో మొదటిదే విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలన్నది. వదిలేసింది, ఒప్పుకోలు పూర్తయితేనే దేవుడు అంగీకరిస్తాడన్న బెంగను.

ఇప్పుడు ఎలా చేయాలో చూద్దాం. ఆరాధనలో ఇచ్చే ఆ ఒక్క నిమిషం పరీక్షించుకోవడానికి సరిపోదు. అప్పటికే ఇంట్లో చూసుకున్నదాన్ని ప్రభువు ముందు పెట్టడానికి మాత్రం సరిపోతుంది. కాబట్టి రోజూ పదిహేను నిమిషాలు, బల్ల ఉన్న వారంలో ఒకసారి అరగంట కేటాయించండి. పడుకున్నాక మాత్రం వద్దు. అలసిన మనసుకు ప్రతి తప్పూ రెట్టింపుగా కనిపిస్తుంది, లేదంటే నిద్ర పట్టేస్తుంది. సాయంత్రం కూర్చుని చేయండి. పుస్తకం, పెన్ను చాలు. ఫోన్ వేరే గదిలో ఉంచండి, లేదా పదిహేను నిమిషాలకు అలారం పెట్టి బోర్లించండి. ఆ అలారం మీలాంటివారికి చాలా అవసరం, ఎందుకో తర్వాత చెబుతాం.

మొదటి మూడు నిమిషాలు ఆ రోజు జరిగిన మేళ్లకు కృతజ్ఞత చెప్పండి. "అన్నిటికీ వందనాలు ప్రభువా" అంటే కుదరదు, మూడు సంగతులు పేరుపెట్టి చెప్పండి. పదహారో శతాబ్దంలో జెసూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా రాసిపెట్టిన ఐదు మెట్ల ఆత్మపరిశీలనలో కూడా కృతజ్ఞతే మొదటి మెట్టు, పాపాల ఊసు ఆ తర్వాతే. తప్పులతో మొదలుపెడితే దేవుడు మనకు నేరస్థాపకుడిలా కనిపిస్తాడు, మనం వకీలు పాత్రలోకి జారిపోతాం. మేళ్లతో మొదలుపెడితే తండ్రితో మాట్లాడుతున్నామని గుర్తుంటుంది.

తర్వాత 139వ కీర్తన చివరి రెండు వచనాలు గట్టిగా చదవండి: "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." దావీదు "నన్ను నేను పరిశోధించుకుంటాను" అనలేదు, వెతికే పని దేవునికి అప్పగించాడు. పైగా అదే కీర్తన మొదటి వచనంలో ఆయన ఇప్పటికే పరిశోధించి తెలుసుకుని ఉన్నాడని ఒప్పుకున్నాడు. మీరు బయటపెట్టబోయేది ఆయనకు కొత్త కాదు. మీ నుంచి ఆయన ముఖం తిప్పుకునేంత సంగతి ఏదో ఇంకా లోపల దాగుందని వెతుక్కోనక్కర్లేదు.

ఆ తర్వాత ఒక వాక్యభాగం. వారానికి ఒకటి చాలు: ఎఫెసీ 4:25-32, కొలొస్సీ 3:5-14, మొదటి కొరింథీ 13:4-7, నిర్గమకాండం 20లోని ఆజ్ఞలు, ఇలా. ఇది వదిలేసి నేరుగా మనసును అడిగితే ఏమవుతుందంటే, మనస్సాక్షికి దాని అలవాట్లు దానికి ఉంటాయి. ఎప్పుడూ అవే రెండు మూడు పాపాలను ముందుకు తెస్తుంది, కొన్నింటి జోలికి అసలు పోదు. ముఖ్యంగా పరిచర్యలో ఉన్నవాళ్ల పాపాలు గౌరవంగా బట్టలు కట్టుకుని తిరుగుతాయి. ప్రార్థన అంశం పేరుతో ఒకరి గుట్టు నలుగురికీ చేరుతుంది. పిల్లలకు పాఠం బాగా చెప్పాలన్న ఆశలో నాకు పేరు రావాలన్న ఆశ కలిసిపోతుంది. వీటిని వాక్యం చూపిస్తుంది, మనసు చూపించదు.

వాక్యం చదివాక ఆ రోజును పొద్దుటి నుంచి మనుషుల వారీగా గుర్తు చేసుకోండి. ఎవరితో మాట్లాడాను, ఎవరిని తప్పించుకున్నాను, ఎవరి దగ్గర ఏం దాచాను? పాపం గాల్లో ఉండదు, ఎవరో ఒకరి ముఖం మీద దాని జాడ ఉంటుంది. దేవుని సహాయంతో నోరు అదుపులో పెట్టుకున్న క్షణం కనిపిస్తే అదీ రాసుకోండి. ఎదుగుదల కూడా నిజమే కదా, దాన్ని చూడకపోవడం వినయం కాదు.

కనిపించిన వాటిలో ఒక్కదాన్ని, మహా అయితే రెండింటిని తీసుకోండి. పది తీసుకుంటే ఒక్కదానికీ మారుమనస్సు ఉండదు. తీసుకున్నదాన్ని నాలుగు వాక్యాల్లో రాయండి: ఏం జరిగింది, నేను ఏం కోరుకున్నాను, వాక్యం ఏమంటోంది, ఇప్పుడు ఏం చేయాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే, అందుకే ఒకటి రాసి చూపిస్తాం. "ప్రభువా, నాలో అసూయ ఉంది, తీసివేయి" అని రాస్తే అది ఎవరైనా ఎప్పుడైనా రాయగలిగే మాట. దానికి బదులు ఇలా ఉండాలి:

"మంగళవారం టీచర్ల మీటింగులో కొత్తగా వచ్చిన అమ్మాయి పాఠాన్ని అందరూ మెచ్చుకున్నారు. 'పిల్లలకు కాస్త కష్టమేమో' అన్నాను. పాఠం కష్టంగా లేదు, బాగుంది. నేనలా అనగానే ఆమె నోటుబుక్కు మూసేసింది. ఆ మెప్పు నాకు రావాలనుకున్నాను. ఎఫెసీ 4:29 వినేవారికి మేలు కలిగే మాటే పలకమంటోంది. నేనన్నది ఆమెను తగ్గించడానికి. ఆదివారం క్లాసుకు ముందు, ఆ రోజు ఉన్న టీచర్ల ఎదుటే చెబుతాను: మొన్న నేనన్నది నిజం కాదు, పాఠం బాగుంది, ఓర్వలేక అన్నాను, నన్ను క్షమించు."

ఇందులో నోటుబుక్కు మూసేసిన సంగతి ముఖ్యం. అది గుర్తున్నంత వరకు "నేను ఏదో మామూలుగా అన్నాను" అని సర్దుకోవడం కష్టం. ఇంకో సంగతి. మాట నలుగురిలో అన్నారు కాబట్టి దిద్దుకోవడమూ ఆ నలుగురి ఎదుటే. తప్పు ఎంత మేర పాకిందో ఒప్పుకోలు అంత మేర వెళ్లాలి, అంతకు మించి వద్దు. మనసులోనే మెదిలి ఆగిపోయిన అసూయను దేవునితో చెప్పుకుంటే చాలు. "రెండేళ్లుగా నిన్ను చూసి కుళ్లుకుంటున్నాను" అని ఆమె దగ్గరికి వెళ్లి చెబితే మీ మనసు తేలికవుతుందేమో గానీ ఆ బరువు ఆమె నెత్తిన పడుతుంది. డబ్బు విషయమైతే మాటతో సరిపోదు, తిరిగి ఇవ్వాలి. ధర్మశాస్త్రం సొమ్ముకు అయిదో వంతు కలిపి ఇమ్మంది (సంఖ్యా 5:7), పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు అన్నాడు. వివాహానికో, చట్టానికో, మరొకరి భద్రతకో సంబంధించిన పెద్ద సంగతి అయితే మాత్రం బయటపెట్టే ముందు పాస్టర్ గారిలాంటి నమ్మదగిన పెద్దల సలహా తీసుకోండి. తొందరలో చెప్పిన నిజం కూడా అమాయకులను గాయపరచగలదు.

మన ప్రార్థనల్లో "తలంపులోను మాటలోను క్రియలోను, తెలిసీ తెలియక చేసిన పాపాలను క్షమించు" అనే మాట నోటికి అలవాటైపోయింది. తెలియనివాటి విషయంలో అది మంచి ప్రార్థనే. 19వ కీర్తన 12వ వచనం తనకు తెలియని తప్పుల కోసం అడగడం నేర్పుతోంది. తెలిసినదాన్ని మాత్రం ఆ మాట చాటున దాటించేయకూడదు. తెలిసినదానికి పేరు పెట్టి చెప్పాక, మిగతావాటి కోసం ఆ మాట వాడండి. అలాగే "ఒకవేళ నొప్పించి ఉంటే" అనే మాటను దేవుని దగ్గరా మనుషుల దగ్గరా కూడా మానేయాలి.

ఇప్పుడు ఆపడం గురించి. ఒప్పుకోవడం అయ్యాక మొదటి యోహాను 1:9ని గట్టిగా చదివి, "క్షమించావు, వందనాలు" అని పుస్తకం మూసేయండి. అలారం మోగాక కొత్తది తవ్వొద్దు. నిన్న ఒప్పుకున్నదే ఇవాళ గుర్తొస్తే, మళ్లీ చేసి ఉంటే తప్ప మళ్లీ ఒప్పుకోవద్దు, క్షమించినందుకు కృతజ్ఞత చెప్పి ముందుకు సాగండి. ఏడుపు వచ్చిందా లేదా అన్నది కొలత కాదు. మీ ఉద్దేశాల అడుగు ముట్టాలని కూడా చూడకండి, హృదయం అంత మోసకరమైనదని యిర్మీయా చెప్పి, దాన్ని పరిశోధించేవాడు యెహోవా అని వెంటనే అన్నాడు. పౌలు కూడా తన మీద తనకు ఏ దోషమూ కనబడడం లేదని, అంతమాత్రాన తాను నీతిమంతుడిగా తీర్చబడనని, తనను విమర్శించేవాడు ప్రభువని రాసి, అక్కడితో ఆపాడు (1 కొరింథీ 4:4). ఏమీ గుర్తుకు రాని రోజున మీకు ఆ మాట చాలు. అయినా అనుమానంగా ఉంటే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎవరి పేరు వస్తే నేను మాట మారుస్తాను? ఏ పేరూ తట్టకపోతే నెమ్మదిగా బల్ల దగ్గరికి వెళ్లండి.

అన్నీ మీద పడే రోజున అది పరిశుద్ధాత్మ గద్దింపా, నేరం మోపేవాడి పనా అని గుర్తుపట్టాలి. ఆత్మ ఒక సంగతిని చూపిస్తాడు, దానితో పాటు ఏం చేయాలో కూడా చూపిస్తాడు. నేరం మోపేవాడు "నువ్వు ఇంతే, ఎప్పటికీ ఇంతే" అంటాడు, చేయడానికి ఏ పనీ ఇవ్వడు. యేసును అప్పగించిన యూదానూ, ఆయన్ను ఎరగనని బొంకిన పేతురునూ పక్కపక్కన పెట్టి చూడండి. యూదా "పాపము చేసితిని" అని నోటితో ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగి తెచ్చాడు. పైకి చూస్తే పేతురు కంటే ఎక్కువే చేశాడు. కానీ ప్రధాన యాజకుల దగ్గరికి వెళ్లాడు గానీ యేసు దగ్గరికి రాలేదు. పేతురు బయటికెళ్లి ఏడ్చాడు, అయినా శిష్యుల మధ్యే ఉండిపోయాడు. ఒడ్డున ప్రభువు కనిపించగానే పడవ ఆగేదాకా కూడా ఉండలేక నీళ్లలోకి దూకాడు. మీ ఆత్మపరిశీలన మిమ్మల్ని ఎవరి దగ్గరికి తీసుకెళుతోందో చూసుకోండి. మూడు నెలలుగా అది మిమ్మల్ని రొట్టెకు దూరం చేస్తోందంటే అందులో ఏదో దారి తప్పింది.

మనకు మనం ఎంత చూసుకున్నా కనబడనివి కొన్ని ఉంటాయి. దావీదు, ప్రవక్త నాతాను చెప్పిన కథలో పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి మీద మండిపడ్డాడే గానీ, ఆ మనిషి తానేనని నాతాను నోటితో చెప్పేదాకా గుర్తించలేదు. అందుకే నెలకోసారి నమ్మకస్థురాలైన ఒక సహోదరిని అడగండి, నోరు జారని మనిషై ఉండాలి. "నా మాట వల్ల ఎవరైనా నొచ్చుకున్నట్టు నీకు కనిపించిందా?" అని ఒక్క ప్రశ్న. ఆమె చెప్పినదానికి అక్కడికక్కడే సంజాయిషీ ఇవ్వకండి, ఒక రోజు దాన్ని ప్రార్థనలో ఉంచుకుని అప్పుడు మాట్లాడండి.

ఇంకొక్క మాట, ఇది మీకు వర్తించవచ్చు, వర్తించకపోవచ్చు. ఒకే పాపాన్ని రోజుకు పదేపదే ఒప్పుకోవాల్సి రావడం, సరిగ్గా చెప్పానో లేదో అని మళ్లీ మొదలుపెట్టడం, వద్దనుకున్న దూషణ తలంపులు వచ్చి భయపెట్టడం, దీనివల్ల నిద్ర, పని పాడవడం ఉంటే, అది విశ్వాసలోపం కాకపోవచ్చు. అతి సందేహపు జబ్బు (ఓసీడీ) మతసంబంధమైన భయాల రూపంలోనూ వస్తుంది, దానికి చికిత్స ఉంది. పాస్టర్ గారితో పాటు మానసిక వైద్యులనూ కలవండి. అలాంటివారికి ఎక్కువ పరీక్షించుకోమని చెప్పడం మేలు చేయదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లాలి.

వచ్చే బల్లకు ఇలా సిద్ధపడండి. గురువారం సాయంత్రం అరగంట ఎఫెసీ 4:25-32తో కూర్చోండి. ఎవరితోనైనా సరిచేసుకోవాల్సింది కనిపిస్తే శుక్రవారమే ఫోన్ చేయండి, వీలైతే కలవండి. మూడు నెలల సంగతి పాస్టర్ గారికి కూడా అప్పుడే చెప్పండి, పై ఆదివారం పరీక్షించుకోవాల్సిన వాక్యభాగాన్ని ముందు ఆదివారమే ప్రకటించమని అడగండి. శనివారం కొత్తగా ఏమీ వెతకొద్దు. లూకా 22:14-34 చదవండి. ఆ రాత్రి బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో అప్పగించేవాడున్నాడు, ఎవరు గొప్ప అని వాదులాడుకున్నవాళ్లున్నారు, కోడి కూయకముందే ఎరగనని బొంకబోయేవాడున్నాడు. ఇదంతా ముందే తెలిసిన యేసు వాళ్లతో ఈ పస్కా భుజించాలని "మిక్కిలి ఆశపడితిని" అన్నాడు.

మీరు క్షమాపణ అడిగిన మనిషి ఆదివారానికల్లా మెత్తబడకపోవచ్చు, ఫోన్ ఎత్తకపోవచ్చు కూడా. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని రోమా 12:18 హద్దు గీసింది. మీ చేతనైనది చేశాక ఆ మనిషి జవాబు కోసం ఇంకో నెల ఆగక్కర్లేదు, పళ్లెం మీ దగ్గరికి వచ్చినప్పుడు రొట్టె తీసుకోండి.